50 మీటర్ల వాచీ, బకెట్టెడు నీళ్లు: తెరిపించాలా, వదిలేయాలా?

మూడోముల్లు:
నా దగ్గర ఒమేగా స్పీడ్‌మాస్టర్ ఉంది. 2019లో కొన్నాను. రోజూ కీ ఇచ్చి నడిపే రకం, లోపల పాత 1861 నంబరు మిషను, పైన హెసలైట్ ప్లాస్టిక్ అద్దం. మొన్న ఆదివారం పాపకు స్నానం చేయిస్తుంటే సబ్బు జారి బకెట్టులో పడింది. మోచేతి దాకా చెయ్యి ముంచి వెతికాను. వాచీ చేతికే ఉన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. నీళ్లు గీజరువి, కాస్త వేడిగానే ఉన్నాయి.

బయటికి తీసి చూస్తే స్టాప్‌వాచ్ ముల్లు తిరుగుతోంది. అంటే నీళ్లలో ఉండగానే బకెట్టు అంచు తగిలి పక్క బటన్ నొక్కుకుపోయిందన్నమాట. నా భయమంతా దాని గురించే. అద్దం లోపల ఆవిరి ఏమీ కనబడలేదు. టైము సరిగ్గానే చూపిస్తోంది. కంపెనీ లెక్కలో ఇది 50 మీటర్ల వాచీ. అయిదేళ్ల వారంటీ అయిపోయింది, సర్వీసింగు ఇంతవరకూ చేయించలేదు. తెరిపించి చూపించాలా, నడుస్తోంది కదా అని వదిలేయాలా?

కూకట్‌పల్లి_కుర్రాడు:
చంద్రుడి దాకా వెళ్లొచ్చిన వాచీ బకెట్టు దగ్గర భయపడుతోందా!

కాలువగట్టు:
చంద్రుడి మీద బకెట్టు లేదు నాయనా.

మూడోముల్లు గారూ, నేను నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరైనవాడిని. నీటి పీడనం గురించి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పది మీటర్ల లోతుకు ఒక బార్. 50 మీటర్లంటే 5 బార్. మీ బకెట్టు లోతు మహా అయితే 30 సెంటీమీటర్లు, అంటే 0.03 బార్. తట్టుకోగలదని కంపెనీ చెప్పినదానిలో నూటయాభయ్యో వంతు కూడా మీ వాచీ చూడలేదు. తుడిచి చేతికి పెట్టుకోండి.

అత్తారింటి_వాచీ:
కంపెనీ చెప్పినదాన్ని నమ్మే నేను మునిగాను. పెళ్లిలో మామగారు పెట్టిన వాచీ, వెనక మూత మీద 30 మీటర్లు అని చెక్కి ఉంది. గోవాలో హోటల్ ఈతకొలనులో నడుము లోతు నీళ్లలోకి దిగాను, అంతే. తర్వాత డయల్ మీద మచ్చ లేచింది. సర్వీస్ సెంటరుకు తీసుకెళ్తే 30 మీటర్లంటే చేతులు కడుక్కోవడానికేనండీ అన్నారు. వారంటీ వర్తించదన్నారు. అలాగైతే మూత మీద 'చేతులు కడుక్కోవచ్చు' అనే చెక్కించాల్సింది. మామగారు ఇప్పటికీ పండక్కి వెళ్తే ముందు నా ముంజేయి వైపే చూస్తారు.

కంటికద్దం:
విజయవాడలో మాది వాచీలు బాగుచేసే దుకాణం. మా నాన్నగారు పెట్టారు, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. ఇంజనీరు గారి లెక్క తప్పని అనను. కానీ ఆ 5 బార్ కొత్త వాచీకి, కొత్త రబ్బరు రింగులకు చేసిన పరీక్ష. నీళ్లు చల్లనివి, వాచీని కదిలించరు, బటన్లు నొక్కరు, సబ్బు ఉండదు. మూడోముల్లు గారి వాచీలో ఉన్న రబ్బరు ఆరేళ్ల నాటిది. పైగా కీ స్క్రూలా తిప్పి బిగించేది కాదు, లోపలికి నొక్కి వదిలేసేది. సబ్బు కలిసిన నీరు మామూలు నీరు దూరలేని సందులోకి కూడా పాకుతుంది. తెరిపించండి.

జాజిపూలు:
వాచీ సంగతి తర్వాత. పసిపిల్లకు స్నానం చేయించేటప్పుడు చేతికి స్టీలు వాచీ ఏమిటండీ? వీపు గీరుకుపోదూ?

డల్లాస్_తెలుగు:
ఇంత కంగారు అవసరమా? 1927లోనే మెర్సిడీస్ గ్లైట్జ్ అనే ఆవిడ రోలెక్స్ వాచీతో ఇంగ్లిష్ చానల్ ఈదింది. అదయ్యి వందేళ్లు కావస్తోంది.

కంటికద్దం:
ఆ ఈతలో ఆవిడ వాచీని మెడలో వేలాడదీసుకున్నారు, చేతికి కట్టుకోలేదు. చలికి తట్టుకోలేకపోతే మధ్యలోనే పడవలోకి ఎక్కించారు, చానల్ దాటింది అంతకుముందు చేసిన వేరే ఈతలో. తర్వాతి నెలలో రోలెక్స్ వాళ్లు డైలీ మెయిల్ మొదటి పేజీ నిండా ప్రకటన వేయించారు. ఆవిడ వేసుకున్న రోలెక్స్ ఆయిస్టర్ రకం వాచీకి కీ స్క్రూలా బిగుస్తుంది, ఈయన స్పీడ్‌మాస్టర్‌కు బిగవదు. రెంటినీ ఒకే గాటన కట్టడం కుదరదు.

కాలువగట్టు:
కంటికద్దం గారూ, నీళ్లలో చెయ్యి ఊపితే పీడనం పదింతలవుతుందని మీ వృత్తివాళ్లు చెబుతుంటే విన్నాను. ఆ లెక్క కూడా ఇక్కడే తేల్చేద్దాం. సెకనుకు 5 మీటర్ల వేగంతో చెయ్యి విసిరారనుకోండి. బకెట్టులో అంత వేగం ఎవరి తరమూ కాదు, వాదన కోసమే అనుకుందాం. వేగం వర్గాన్ని గురుత్వ త్వరణానికి రెండింతలతో భాగిస్తే 1.27 మీటర్లు వస్తుంది. దాన్ని లోతుకు కలిపినా రెండు మీటర్లు దాటదు. షవరైనా అంతే. డాబా మీది ట్యాంకు బాత్రూంకు పది మీటర్ల ఎత్తులో ఉన్నా కుళాయిలో వచ్చేది ఒక బారే. మీరు మాత్రం యాభై మీటర్ల వాచీని చెంబుడు నీళ్లకు భయపెడుతున్నారు.

కంటికద్దం:
చెయ్యి ఊపడం గురించి నేను ఒక్క మాటైనా అన్నానా? వేడి గురించి వినండి. గీజరు నీళ్లలో వాచీ వేడెక్కుతుంది, లోపలి గాలి వ్యాకోచిస్తుంది. బయటికి తీసి చన్నీళ్లతో కడిగితే ఆ గాలి ముడుచుకుని బయట ఉన్నదాన్ని లోపలికి లాగుతుంది. నా బల్ల మీదకు వచ్చేవాటిలో ఎక్కువ సముద్రంలో మునిగినవి కావు. స్నానాలగదిలో తడిసినవి.

కాలువగట్టు:
దానికీ లెక్క ఉంది. ఇరవై డిగ్రీలు చల్లబడితే లోపలి పీడనం ఆరేడు శాతం పడుతుంది. నీటి మట్టంలో చెబితే 65 సెంటీమీటర్లు. అయిదు వేల సెంటీమీటర్ల వాచీకి అరవై అయిదు!

కంటికద్దం:
ఎండి బిరుసెక్కిన రబ్బరుకు ఆ అరవై అయిదే ఎక్కువండీ. మీరు చెప్పేదంతా వాచీ పుట్టినరోజు నాటి లెక్క. నేను ఈనాటి వాచీ గురించి మాట్లాడుతున్నాను.

డల్లాస్_తెలుగు:
1965లో నాసా ఈ వాచీని 95 శాతం తేమలో 240 గంటలు ఉంచి పరీక్షించింది. అదేమీ లెక్కలోకి రాదా?

కంటికద్దం:
అవి కొత్త వాచీలు, వాళ్లు స్నానం చేయించింది కూడా ఆవిరితోనే. ఆరేళ్ల తర్వాత మళ్లీ పిలిచి పరీక్షించలేదు కదా.

గుంటూరు_గోంగూర:
ఇంత చర్చ దేనికి, రాత్రంతా బియ్యం డబ్బాలో పెడితే తేమ లాగేస్తుంది. మా ఫోను అలాగే బతికింది.

కంటికద్దం:
బియ్యం మాట ఎత్తకండి, దండం పెడతాను! మూత బిగించి ఉన్న వాచీలోంచి బియ్యం ఏమి లాగుతుంది? అందుకోసం కీ బయటికి లాగి పెట్టారంటే ఆ సందులోంచి పిండి దుమ్ము లోపలికి పోతుంది. ఒకాయన అలాగే చేసి తెచ్చారు. కీ కడ్డీని బయటికి లాగితే రబ్బరు రింగు కూర్చునే చోట చుట్టూ గోధుమరంగు గీత, ఆ వెనక పళ్ల చక్రాల మధ్య నూనె, పిండి కలిసి మైనంలా గడ్డకట్టాయి. తుప్పు మొదట పట్టేది ఆ కడ్డీకే. తర్వాత చిన్న స్టీలు స్క్రూలు. డయల్ మీద మచ్చ మీకు కనబడే సరికి కింద పని చాలావరకు జరిగిపోయి ఉంటుంది. అందుకే వాచీ నడుస్తోంది, ఆవిరి లేదు అన్న మాటల మీద నాకు నమ్మకం లేదు.

అత్తారింటి_వాచీ:
చూశారా, మచ్చ కనబడే సరికి ఆలస్యమైనట్టేనట. నాకు ఆ సర్వీస్ సెంటరులో ఈ ముక్క ఎవరూ చెప్పలేదు.

కాలువగట్టు:
చెప్పరు. ఎందుకు చెబుతారు? ముందు భయపెడతారు, తర్వాత మూత తెరుస్తారు, ఆ తర్వాత బిల్లు వేస్తారు. మూడోముల్లు గారి వాచీ శుభ్రంగా నడుస్తోంది. దాన్ని తెరిచి, ఒక దుమ్ము రేణువు పడేసి, పాత రబ్బరును సరిగ్గా కూర్చోబెట్టకుండా మూసేస్తే, అప్పటిదాకా లేని రోగం అంటించినట్టవుతుంది. దానికి ఎవరు జవాబుదారీ?

కంటికద్దం:
తెరిచినవాడే. చేతనైనవాడు తెరిస్తే రబ్బరు మార్చే మూస్తాడు. పాతది మళ్లీ పెట్టడు. మీరు ఊరికే ఒక వృత్తిని మొత్తం దొంగల లెక్కలో వేస్తున్నారు.

కాలువగట్టు:
ఊరికే అనడం లేదు. రిటైరైన రోజున మా సెక్షనువాళ్లంతా చందాలు వేసుకుని నాకొక పాత స్విస్ వాచీ కొనిచ్చారు. వెనక మూత మీద అందరి పేర్ల మొదటి అక్షరాలు చెక్కించారు. ఒకసారి వానలో తడిస్తే ఒక పెద్ద సర్వీస్ సెంటరుకు తీసుకెళ్లి, నీళ్లు చేరాయేమో చూడండి, మరేమీ చేయవద్దు అన్నాను. తిరిగి ఇచ్చేటప్పుడు డయల్ కొత్తది. ముళ్లు కొత్తవి. కేసు అద్దంలా మెరుస్తోంది. పాలిష్ పట్టి పట్టి ఆ అక్షరాలు సగం అరగదీశారు. పాత డయల్ ఏదయ్యా అంటే కంపెనీకి పంపేశామన్నారు. నీళ్లు చేరాయా అని అడిగితే, లేదు సార్, లోపల పొడిగానే ఉంది అన్నారు. ఎవరైనా తెరిపించండి అంటే నాకు ఎందుకు మండుతుందో ఇప్పటికైనా తెలిసిందా?

జాజిపూలు:
అయ్యో. ఆ అక్షరాలను మళ్లీ చెక్కించే వీలు లేదా?

కాలువగట్టు:
చెక్కించవచ్చు తల్లీ. చెక్కించదలచుకోలేదు.

కంటికద్దం:
మీకు జరిగింది అన్యాయమే. పాత భాగాలు సంచిలో వేసి యజమాని చేతికి ఇవ్వకుండా ఆ వాచీని ముట్టుకోవడమే తప్పు. మా దుకాణంలో అడగకుండా పాలిష్ పట్టం. కానీ ఇప్పటిదాకా మీరు రాసిన బార్లూ సెంటీమీటర్లూ అన్నీ ఆ కోపమేనన్నమాట! మీ వాచీ మీద జరిగినదానికి ఈయన వాచీని పణంగా పెడుతున్నారు. లోపల తేమ ఉంటే రేపు నష్టపోయేది మీరు కాదు కదా.

కాలువగట్టు:
లెక్క లెక్కే, కోపం కోపమే. తెరిస్తే తప్ప మీకు బువ్వ లేదు. తెరవవద్దని మీరు ఎప్పుడైనా ఎవరికైనా చెప్పారా?

కంటికద్దం:
చాలాసార్లు చెప్పాను. మీరు నీళ్ల శాఖలో పనిచేశారు కదా, కట్ట తవ్వకుండా కాలువ గండి కనిపెట్టారా ఎప్పుడైనా?

కూకట్‌పల్లి_కుర్రాడు:
పెద్దవాళ్లు ఇద్దరూ కాస్త నీళ్లు తాగండి.

మూడోముల్లు:
ఇద్దరికీ నమస్కారం. నాకు ఒక్క సంగతి చెప్పండి. మూత తెరవకుండా తెలుసుకునే దారి ఏదీ లేదా?

కంటికద్దం:
ఎందుకు లేదు? పొడి పరీక్ష యంత్రం ఉంటుంది. వాచీని చిన్న గదిలాంటి దానిలో పెట్టి గాలి ఎక్కిస్తారు, తర్వాత గాలి లాగేస్తారు. ఆ తేడాకు కేసు ఎన్ని మైక్రాన్లు వంగి మళ్లీ నిలదొక్కుకుందో సూది కొలుస్తుంది. గాలి లోపలికి దూరుతుంటే కేసు వంగి నిలబడదు. మూత తియ్యనక్కర్లేదు, నీళ్లతో పని లేదు, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది.

కాలువగట్టు:
ఈ మాట మొదటి రోజే చెప్పి ఉంటే ఇంత రభస ఎందుకు? తెరిపించండి, తెరిపించండి అని ఒకటే పాట పాడారు.

కంటికద్దం:
మీరు నన్ను అడిగింది బకెట్టు లోతు.

డల్లాస్_తెలుగు:
ఆ యంత్రం ఇవాళ రబ్బరు బాగుందో లేదో చెబుతుంది. ఆదివారం ఒక చుక్క ఇప్పటికే లోపలికి వెళ్లి ఉంటే అది ఎలా తెలుస్తుంది?

కంటికద్దం:
మంచి ప్రశ్న. దానికి చుక్క పరీక్ష ఉంది, నీళ్లకు తట్టుకునే వాచీల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 22810లో ఉన్నదే. వాచీని 40, 45 డిగ్రీల వేడి పలక మీద ఉంచి, అద్దం మీద ఒక చల్లటి నీటిచుక్క వేస్తారు. ఒక నిమిషం ఆగి తుడుస్తారు. లోపల తేమ ఉంటే ఆ చుక్క కింద అద్దం లోపలివైపు మంచు పడుతుంది. ఇంట్లో పెనం మీద పెట్టి ప్రయోగాలు చేయకండి, మీది ప్లాస్టిక్ అద్దం. దుకాణంలోనే, మీ కళ్ల ముందు చేయమనండి.

అత్తారింటి_వాచీ:
మరి 30 మీటర్లని చెక్కి చేతులే కడుక్కోమనేవాళ్లను అడిగే నాథుడు లేడా?

కాలువగట్టు:
లేడు. నీళ్లలో దిగాలంటే డైవర్ల వాచీ కొనుక్కోండి. దానికి ఐఎస్ఓ 6425 అని వేరే ప్రమాణం, రాసిన లోతు మీద 25 శాతం అదనపు పీడనంతో పరీక్షిస్తారు.

మూడోముల్లు:
శనివారం వెళ్తున్నాను. చుక్క పరీక్ష, పొడి పరీక్ష రెండూ చేయిస్తాను. కానీ బటన్ సంగతి మిగిలే ఉంది. నీళ్లలో నొక్కుకుంటే ఏమవుతుందో ఇంతమందిలో ఎవరూ చెప్పలేదు.

కంటికద్దం:
బటన్ కడ్డీ చుట్టూ చిన్న రబ్బరు రింగు ఉంటుంది. కడ్డీ లోపలికి జరిగినప్పుడు దానికి అంటిన నీటి పొర రింగు దాటవచ్చు. కొత్త రింగయితే తుడిచినట్టు ఆపుతుంది, పాతదయితే చెప్పలేం. నొక్కుకున్నది ఒక్కసారే కదా, నేనైతే రెండు పరీక్షలూ నెగ్గిందంటే తెరవను. ఇంజనీరు గారు ఇది గమనించాలి.

కాలువగట్టు:
గమనించాను. మూడోముల్లు గారూ, వాచీ చేతికిచ్చే ముందు రసీదు మీద 'మూత తెరవడానికి అనుమతి లేదు, పాలిష్ వద్దు' అని రాయించి సంతకం తీసుకోండి. నోటిమాట నమ్మకండి.

కంటికద్దం:
తప్పకుండా రాయించండి. చుక్క కింద మంచు కనబడితే మాత్రం ఆ రసీదు చింపేసి, అక్కడికక్కడే తెరవమని చెప్పండి.

కాలువగట్టు:
చింపడం దేనికి? తెరవడానికి వేరే రసీదు రాయించుకోవాలి. పాత భాగాలు వెనక్కి ఇస్తామని అందులో ఉండాలి.