సోషల్ యాంగ్జైటీకి (నలుగురిలో మెలగాలంటే కలిగే తీవ్రమైన భయానికి) మనకు మనమే ఆన్‌లైన్ గ్రూపు పెట్టుకుంటే మేలా, కీడా?

మూడో మలుపు:

నాకు ఇరవై తొమ్మిదేళ్లు, హైదరాబాదులో ఉద్యోగం. మొన్న గురువారం షేర్ ఆటోలో వస్తుంటే మా వీధి మలుపు వచ్చింది. "ఇక్కడ ఆపండి" అనాలి. రెండే మాటలు. సందు మొదలు కాకముందే వాటిని నోట్లో సిద్ధంగా పెట్టుకున్నాను, గొంతు దాటి రాలేదు. పక్కనున్న ఆవిడ దిగిన చోట నేనూ దిగి, కిలోమీటరుకు పైగా వెనక్కి నడిచాను. చేతిలోని ఇరవై రూపాయల నోటు చెమటకు తడిసి మెత్తబడిపోయింది. పదో తరగతి నుంచీ ఇదే వరస.

మన ఇళ్లలో దీన్ని బిడియం అంటారు, మొహమాటం అంటారు. మొహమాటం ఉన్నవాళ్లు వద్దనలేక ఇంకో గరిటె వడ్డించుకుంటారు. నేను అసలు ఆ పంక్తిలోకే వెళ్లను. సొంత చెల్లెలి పెళ్లిలో వంటలు చేసే చోట, గుండిగల వెనక నిలబడి తిన్నాను.

నా ఆలోచన ఇది. ఎనిమిది మందిమి, తెలుగులో, ఆదివారం రాత్రి ఎనిమిదింటికి ఒక గంట కలుద్దాం. కెమెరాలు వద్దు, గొంతు చాలు. అదీ కష్టమైతే టైపు చేయవచ్చు. నిపుణులెవరూ ఉండరు, అందరం ఈ బాధ తెలిసినవాళ్లమే. ఇది మంచి పనేనా? ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

కృష్ణ ఒడ్డు:

విజయవాడలో పన్నెండేళ్లుగా కౌన్సెలింగ్ చేస్తున్నాను. మీ ఆటో సంగతి చదివాక కాసేపు వేరే పని చేయలేకపోయాను. అయినా ఈ ఆలోచనకు నేను వ్యతిరేకం.

ఈ జబ్బు తప్పించుకోవడం మీద బతుకుతుంది. భయపడే చోటికి వెళ్లకపోతే ఆ పూటకు ప్రాణం హాయిగా ఉంటుంది. ఆ హాయే దానికి మేత. 1995లో డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు దీన్ని చక్కగా విడదీసి చూపించారు. నలుగురిలోకి వెళ్లగానే మనిషి చూపు ఎదుటివారి మీద నుంచి తన మీదికే తిరిగిపోతుంది. నా చెయ్యి వణుకుతోందా, గొంతు పూడుకుపోతోందా అని లోపలే కాపలా కాస్తుంటాడు. దానికి తోడు కొన్ని అడ్డుతెరలు పెట్టుకుంటాడు: గ్లాసు రెండు చేతులతో పట్టుకోవడం, ఫోనులోకి తల దించుకోవడం, చెప్పబోయే వాక్యాన్ని పదిసార్లు వల్లించుకోవడం. గండం గడిచాక, తెర వల్లే బయటపడ్డాననుకుంటాడు. తెర తీసినా ఏమీ కాదని తెలుసుకునే అవకాశం అతనికి ఎప్పటికీ రాదు.

కెమెరా ఆపేయడం, మాటకు బదులు టైపు చేయడం కూడా అలాంటి తెరలే. బ్రిటన్‌లో ఏ జబ్బుకు ఏ చికిత్స ఇవ్వాలో సూచించే నైస్ సంస్థ 2013లో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ సమస్యకు ఒక్కొక్కరికి విడిగా చేసే సీబీటీనే, అంటే ఆలోచనల తీరునూ ప్రవర్తననూ మార్చుకోవడం నేర్పే మాటల చికిత్సనే ముందు పెట్టాయి. దానికి బదులు గ్రూపు చికిత్సను మామూలుగా ఇవ్వవద్దన్నాయి. నిపుణులు నడిపే గ్రూపుల సంగతే అలా ఉంటే, ఎవరూ లేని గ్రూపు మాటేమిటి?

రాత్రి రైలు:

నేను అలాంటి గ్రూపులో ఉండి వచ్చాను, అందుకే రాస్తున్నాను. 2021లో ఒక వాట్సాప్ గ్రూపులో చేరాను. నూట నలభై మంది. మొదటి వారం అవన్నీ చదువుతూ ఏడ్చాను. నాలాంటివాళ్లు ఇంతమంది ఉన్నారని అప్పటిదాకా తెలియదు.

మూడో నెలకు గాలి మారింది. "ఈరోజూ ఆఫీసుకు సెలవు పెట్టాను" అని ఎవరైనా రాస్తే ముప్పై హృదయం బొమ్మలు. "మేనమామ ఇంటి గృహప్రవేశం ఎలాగోలా తప్పించుకున్నాను" అంటే అభినందనలు. ఒకతను ఇంటర్వ్యూకు వెళ్లి వచ్చానని రాస్తే ఎవరూ పలకలేదు. అతనే సాయంత్రానికి ఆ మెసేజీ తీసేశాడు. వెళ్లినవాడు వెళ్లానని చెప్పుకోవడానికి జంకే గ్రూపు అయిపోయింది.

ఇంకో సంగతి. ఒక రాత్రి రెండు దాటాక ఒక అబ్బాయి "ఇక నావల్ల కాదు" అని రాశాడు. "ఉన్నావా తమ్ముడూ?" అని నేను టైపు చేశాను. నా మెసేజీని పదకొండు మంది చదివినట్టు కనిపించింది. ఎవరూ ఫోను చేయలేదు. నంబరు కళ్లెదుటే ఉంది, నేనూ చేయలేదు. మా జబ్బే ఫోను చేయలేకపోవడం. నలభై నిమిషాల తర్వాత అతని గదిలో ఉండే స్నేహితుడు లేచి చూసుకున్నాడు. అతను ఇప్పుడు బాగున్నాడు. ఆ నలభై నిమిషాలు మాత్రం నన్ను వదలలేదు. నేను గ్రూపు వద్దు అనను. రాత్రి రెండింటికి ఎవరు పలుకుతారో ముందు తేల్చుకోండి అంటాను.

కాఫీ ట్రే:

కృష్ణ ఒడ్డు గారూ, మీరు చెప్పిన చికిత్స మంచిదే, కాదనను. అది మాకు ఎలా అందుతుందో చెప్పండి. మాది కదిరి వైపు ఒక ఊరు. డాక్టరు దగ్గరికి అనంతపురం వెళ్లిరావాలంటే ఒక రోజు పోతుంది. ఆ రోజు ఎక్కడికి వెళుతున్నానో ఇంట్లో చెప్పాలి. అన్నిటికంటే ముందు ఆసుపత్రికి ఫోను చేసి సమయం అడగాలి. ఫోనులో మాట్లాడలేకపోవడమే నా జబ్బు. కుంటివాణ్ని కొండెక్కి రమ్మని, అక్కడ కాలికి మందిస్తామన్నట్టుంది.

ఈ పేరెందుకు పెట్టుకున్నానో చెబుతాను. పెళ్లిచూపుల్లో ఆరు కప్పుల ట్రే తీసుకుని గుమ్మం దాటగానే కప్పులు సాసర్ల మీద గలగలలాడటం మొదలైంది. హాల్లో మాటలు ఆగిపోయి ఆ చప్పుడొక్కటే మిగిలింది. పెళ్లికొడుకు వాళ్లమ్మ లేచి వచ్చి ట్రే అందుకుంది. సంబంధం తప్పిపోయినందుకు నాకు బాధ లేదు. ఆ రాత్రి మా అమ్మ "కావాలనే చేశావు కదూ" అంది. నాలుగేళ్లయినా ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. వాదించనక్కర లేకుండా నన్ను నమ్మే ఏడుగురు దొరికితే నాకు అదే పెద్ద వైద్యం.

ఒసాకా తెలుగు:

ఇక్కడ జపాన్‌లో నేను చూసింది చెబుతాను. తన ముఖం ఎర్రబడటం వల్లో, తన చూపు వల్లో ఎదుటివారికి ఇబ్బంది కలుగుతుందేమో అని వణికే ఒక రకం భయానికి వీళ్లు తైజిన్ క్యోఫుషో అని పేరే పెట్టారు. "నలుగురూ ఏమనుకుంటారో" అనే మన మాటకు ఇది దగ్గరి చుట్టం. మోరితా అనే మానసిక వైద్యుడు వందేళ్ల కిందట దీనికి ఒక దారి చూపాడు: భయాన్ని పోగొట్టుకోవాలని దానితో కుస్తీ పట్టవద్దు, అది ఉండగానే చేయవలసిన పని చెయ్యి. ఆ పద్ధతి మీద 1970లో మొదలైన ఒక సంఘాన్ని ఈ ఇబ్బంది పడినవాళ్లే నడుపుకుంటున్నారు. చిన్న చిన్న బృందాలుగా కూర్చుని మాట్లాడుకుంటారు. అమెరికాలోనూ 1937లో అబ్రహాం లో అనే డాక్టరు మానసిక ఇబ్బందులున్నవారి కోసం షికాగోలో మొదలుపెట్టిన రికవరీ అనే సంఘం సమావేశాలను తర్వాత సభ్యులే నడిపించారు. కాబట్టి తోటివాళ్లు నడిపితే చెడిపోతుందనడం సరికాదు. అయితే రెండుచోట్లా ఒక పద్ధతి ఉంది. ఊరికే కలిసి బాధలు చెప్పుకోవడంతో సరిపెట్టలేదు.

మూడో మలుపు:

రెండు రోజులుగా ఇవన్నీ మళ్లీ మళ్లీ చదివాను. రాత్రి రైలు గారు చెప్పిన ఆ హృదయం బొమ్మలు నన్ను భయపెట్టాయి, ఎందుకంటే నేనూ అవే పంపి ఉండేదాన్ని. ఆలోచన మార్చాను.

ప్రతి వారం ఒక్కొక్కరు బయట చేసే పని ఒకటి ఒప్పుకుంటారు. కూరల కొట్టులో "ఇంకో రెండు టమాటాలు వేయండి" అనడం లాంటిది. మరుసటి వారం మొదటి అరగంట ఆ పని గురించే. చేయబోయి ఆగిపోయినా అది చెప్పుకోదగ్గ సంగతే. తప్పించుకున్నందుకు మాత్రం ఎవరూ ఎవరినీ మెచ్చుకోరు. నంబర్లు బయటపడకుండా టెలిగ్రాంలో పెడతాను. ఆదివారం ఆ గంట తప్ప మిగతా సమయంలో ఎవరూ రాయడానికి వీలుండదు. రాత్రి రెండింటికి మేము పలకలేం, ఆ మాట ముందే చెబుతాం. టెలీమానస్ నంబరు 14416 పైనే పెడతాం. మానసిక సమస్యలకు ఫోనులో సాయం చేసే, 2022 అక్టోబరు నుంచి ఉన్న ప్రభుత్వ సేవ అది, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. కెమెరా మూడు వారాల తర్వాత అందరూ తెరవాలి.

రాత్రి రైలు:

తలుపు మూసి ఉంచుతామని ముందే చెప్పడం నాకు నచ్చింది. మా గ్రూపులో తలుపు తెరిచే ఉంది, లోపల మనిషి లేడు. కానీ ఒక చిక్కు మిగిలింది. ఆదివారం ఆ గంటలోనే ఎవరైనా అలాంటి మాట అంటే? పేరు తెలియదు, ఊరు తెలియదు. ఎవరికి కబురు పెడతారు?

కృష్ణ ఒడ్డు:

సరైన ప్రశ్న. రహస్యం, రక్షణ ఈ రెండూ ఒక ఒరలో ఇమడవు. చేరేటప్పుడే ప్రతి ఒక్కరూ తాము నమ్మే ఒక మనిషి నంబరు, తామున్న ఊరి పేరు ఇవ్వాలి. అవి నడిపే ఇద్దరి దగ్గరే ఉండాలి. ఎప్పుడు వాడతారో కూడా ముందే చెప్పాలి. ఆ మాట వినపడితే సమావేశం ఆపి, ఒకరు ఆ మనిషితో మాట్లాడుతూ ఉండాలి, రెండోవారు ఆ నంబరుకు ఫోను చేయాలి. ఆ రెండోవారు ఫోనంటే భయం లేనివారై ఉండాలి. ఆ నంబరు ఇవ్వనన్నవారిని చేర్చుకోవద్దు. పద్దెనిమిదేళ్లు నిండనివారినీ వద్దు.

కాఫీ ట్రే:

నంబరు ఇస్తాను, మా పిన్నిది. కెమెరా దగ్గరే నాకు కుదరదు. మాది రెండు గదుల ఇల్లు. ఆదివారం రాత్రి ఎనిమిదింటికి అమ్మ టీవీ ముందు ఉంటుంది, నాన్న పక్కగదిలో. హెడ్‌ఫోను పెట్టుకుంటే మీ మాటలు వాళ్లకు వినపడవు, నా మాటలు వినపడతాయి. మేడ మీదికి వెళితే చీకట్లో ఎవరితో మాట్లాడుతున్నావని అడుగుతారు. టైపు చేయడం నాకు తెర కాదండీ, ఇంట్లో ఉన్న దారి అదొక్కటే.

కృష్ణ ఒడ్డు:

ఇది నాకు తట్టలేదు. మీది భయం కాదు, ఇల్లు. మీకు టైపు చేయడమే సరి, బయట చేసే పని మాత్రం వదలవద్దు. మిగతావారి విషయంలో కెమెరా గురించి నా మాట మార్చుకోను.

గ్రూపుకు నేను ఇంకా ఒప్పుకోలేదు. ఒక్కటి అడుగుతాను. 1987లో మైకేల్ లీబోవిట్జ్ తయారుచేసిన కొలత ఒకటి ఉంది. నలుగురి ఎదుట తినడం, ఫోను చేయడం లాంటి 24 సందర్భాలుంటాయి. ఒక్కోదానికి భయం ఎంత, తప్పించుకోవడం ఎంత అని సున్నా నుంచి మూడు దాకా వేసుకోవాలి. మొత్తం 144. మొదటి రోజు ఒకసారి, పన్నెండో వారం ఒకసారి అందరూ నింపండి. ఎవరి లెక్క తగ్గకపోతే వారిని డాక్టరు దగ్గరికి పంపండి, ఆ మొదటి ఫోను వారి పక్కన ఉండి మీలో ఎవరైనా చేయించండి. ఎక్కువమందికి తగ్గకపోతే గ్రూపు మూసేస్తారా?

మూడో మలుపు:

మూసేస్తాను. పన్నెండు వారాలకే పెడుతున్నాను, వచ్చే ఆదివారం మొదలు. రాత్రి రైలు గారు నాతో కలిసి నడపడానికి ఒప్పుకున్నారు. ఫోను చేయగలిగిన మనిషిగా మా ఆఫీసు స్నేహితురాలు ఆ గంటసేపు నా పక్కన కూర్చుంటుంది. ఆవిడకు ఈ సంగతి చెప్పడమే నా మొదటి వారం పని, నిన్న చెప్పాను.

కొలత ఇప్పుడే నింపాను. నాది 91. ఆ 24లో ఆటో ఆపమనడం లేదు. ఇరవై అయిదోదిగా కింద నేనే రాసుకున్నాను.