ఫోనే ఆఫీసైన వాళ్ళకి సపోర్ట్ ఇస్తున్నవాళ్ళు ఒకసారి ఇటు రండి

ఒంటరి డెస్క్:
పదేళ్ళు ల్యాప్‌టాప్‌లు చూసుకున్నాను, ఇంత టెన్షన్ ఎప్పుడూ లేదు. ఆరు నెలల కింద డెలివరీ, సర్వీసు, సేల్స్ కలిపి 180 మందిని నాకు అప్పగించారు. వాళ్ళకి కంప్యూటర్ లేదు, ఉన్నదల్లా ఫోనే. చిక్కేంటంటే, ఏ ఫోన్ మొరాయించిందో ఆ ఫోన్‌తోనే నాకు కాల్ చేస్తారు. ‘సెట్టింగ్స్‌లోకి వెళ్ళండి’ అంటాను. వెళ్ళాలంటే చెవి దగ్గర్నుంచి తీయాలి. స్పీకర్ పెడితే చుట్టూ ట్రాఫిక్ రొద. మొన్న ఒకాయనతో నలభై నిమిషాలు ఇలాగే అరుచుకున్నాం. ఆయనేమో ‘తిరుగుతోందండీ, తిరుగుతోందండీ’ అంటాడు. ఏం తిరుగుతోందో నాకు తెలియదు. చివరికి స్క్రీన్‌షాట్ తీసి పంపమంటే అది కూడా సేవ్ కాలేదు. అప్పుడు వెలిగింది, స్టోరేజీ నిండిపోయిందని. యాప్ అప్‌డేట్ కాకపోవడానికీ అదే కారణం. మీరంతా ఎలా నెట్టుకొస్తున్నారు?

రిమోట్ రాజా:
వాళ్ళ ఫోన్ తెర మనకి కనిపించే స్క్రీన్ షేర్ టూల్ పెట్టుకోండి, సగం గోల తగ్గుతుంది. ఆండ్రాయిడ్‌లో ఫోన్‌ని బట్టి మన దగ్గర్నుంచే నొక్కొచ్చు కూడా. ఐఫోన్‌లో మాత్రం చూడటం వరకే, నొక్కాల్సింది ఆయనే.

రోడ్డు మీదే ఉంటా:
నేను మీకు అవతలి వైపు మనిషినండీ, ఫీల్డ్ సర్వీసు. రాజా గారూ, నెట్ సరిగ్గా రాని చోటే మాకు సమస్యలొస్తాయి, అక్కడ స్క్రీన్ షేర్ ఎలా నడుస్తుంది? ఇంకోటి, టికెట్ పెట్టమంటారు, అంటే సమస్యని ఫారంలో రాసి పంపాలి. మా కంపెనీ ఫారంలో పద్నాలుగు గడులు. ఒక చేతిలో పానా, ఇంకో చేతిలో ఫోన్, గ్లౌజులు తీస్తే గానీ అక్షరం పడదు. కస్టమర్ నెత్తి మీద నిలబడి చూస్తుంటాడు. అందుకే టికెట్ పెట్టం, తెలిసిన కుర్రాడికి ఫోన్ చేస్తాం. వాడు ‘రీసెట్ కొట్టన్నా’ అంటాడు. కొడతాం. ఆ తర్వాత తలనొప్పి ఎవరిదో మీకే తెలుసు.

ఒంటరి డెస్క్:
పద్నాలుగేనా? మాది పదహారు. రేపే కోసేస్తాను.

బెల్లు మోగదు:
నోటిఫికేషన్ల ఊసు ఎవరూ ఎత్తలేదేం? ‘పని నా పేరు మీద పడిందని నాకు తెలియనే తెలియదు’ అనేది మా దగ్గర రోజూ ఉండే గొడవ. అబద్ధం చెప్తున్నారనే అనుకున్నాం, పాపం. ఆండ్రాయిడ్ 6 (2015) నుంచి డోజ్ అని ఒకటుంది. తెర ఆరిపోయి, ఫోన్ కదలకుండా కాసేపు పడుంటే యాప్‌ల నెట్ ఆపేసి, అప్పుడప్పుడు మాత్రమే వదులుతుంది. దానికి తోడు కొన్ని ఫోన్లలో తయారీ కంపెనీ వాళ్ళ సొంత బ్యాటరీ సేవర్ ఒకటి. పని యాప్‌కి బ్యాటరీ దగ్గర ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ పెట్టించాక చాలావరకు కుదుటపడింది.

గోడౌన్ వాళ్ళకి మాత్రం అప్పటికీ రాలేదు. గుమ్మం దాటి బయట అడుగు పెట్టగానే టింగు టింగుమని పది ఒకేసారి. ఇదేం దయ్యంరా బాబూ అనుకున్నాం. తీరా చూస్తే గోడౌన్ వైఫైకి కాపలా కాసే ఫైర్‌వాల్, మా యాప్ సర్వర్‌కి తప్ప మిగతా దారులన్నీ మూసేసి ఉంది. ఆండ్రాయిడ్ నోటిఫికేషన్లకి ముఖ్యంగా 5228 పోర్టు (ఆ దారుల నంబర్లనే పోర్టులంటాం) కావాలి, 5229, 5230 కూడా తెరిచి పెట్టాలి. ఐఫోన్లకి 5223. బయటికొస్తే మొబైల్ డేటా కాబట్టి అన్నీ వచ్చి పడేవి.

టైమెంతండీ:
మా కేసు వినండి. ఒకబ్బాయికి లాగిన్‌లో అడిగే ఆథెంటికేటర్ యాప్ కోడ్ ఎన్నిసార్లు కొట్టినా తప్పంటోంది. యాప్ తీసి మళ్ళీ వేశాం, క్యూఆర్ మళ్ళీ స్కాన్ చేశాం, ఊహూఁ. ఆ కోడ్ 30 సెకన్లకోసారి ఫోన్ గడియారాన్ని బట్టే పుడుతుంది కదా అని టైమ్ చెప్పమన్నాను. గంటన్నర ముందుంది! గేమ్‌లో లైఫ్‌లు త్వరగా రావాలని ఆటోమేటిక్ టైమ్ తీసేసి ముందుకు జరిపాడట. అప్పట్నుంచి నా పేరు ఇదే.

సర్టిఫికెట్ బాధితుడు:
ఐఫోన్లు ఉన్నవాళ్ళు ఇది చదివాకే పడుకోండి. ఎమ్‌డీఎమ్‌కి, అంటే ఆఫీసు నుంచే ఫోన్లన్నిటినీ అదుపు చేసే సాఫ్ట్‌వేర్‌కి, ఆపిల్ పుష్ సర్టిఫికెట్ ఉంటుంది. ఫోన్లకి మన ఆదేశాలు చేరాలంటే అది ఉండాలి, దాని గడువు ఏడాదే. ఏ ఆపిల్ ఖాతాతో తీశారో అదే ఖాతాతో రెన్యూ చేయాలి. నా పాత కంపెనీలో ఎవరో మహానుభావుడు సొంత ఖాతాతో తీసి, ఆ తర్వాత ఉద్యోగం మానేసి వెళ్ళిపోయాడు. గుర్తుచేసే మెయిళ్ళన్నీ ఆయనకే. ఓ సోమవారం పొద్దున చూస్తే ఏ ఐఫోనూ మాట వినదు. లాక్ పంపితే లాక్ కాదు, యాప్ పంపితే దిగదు. వేరే ఖాతాతో కొత్తది తీస్తే పాత ఫోన్లు దాన్ని ఒప్పుకోవు. ఒక్కో ఫోన్‌నీ ఎమ్‌డీఎమ్‌లో మళ్ళీ చేర్చుకుంటూ (ఎన్‌రోల్ చేసుకుంటూ) పోయాం, పదకొండు రోజులు. ఇప్పుడున్న చోట ఆ ఖాతా కంపెనీ మెయిల్‌తో ఉంది, గడువు తేదీ ముగ్గురి క్యాలెండర్లలో ఉంది. అయినా నెల ముందు నుంచే నాకు గుండె దడ.

సొంత ఫోన్ సంగతి:
మా దగ్గర అందరివీ సొంత ఫోన్లే. ఎమ్‌డీఎమ్ అనగానే ‘మా ఫోటోలు చూస్తారా?’ అంటారు. అనరా మరి? ఇదివరకు ఒకామె మానేసినప్పుడు ఎవరో ఆఫీసు డేటా ఒక్కటే తీయబోయి ఫోన్ మొత్తం చెరిపేసే వైప్ నొక్కేశారు. పిల్లవాడి ఫోటోలన్నీ పోయాయి. ఆ కథ ఇప్పటికీ క్యాంటీన్‌లో తిరుగుతూనే ఉంది.

రిమోట్ రాజా:
ఆండ్రాయిడ్‌లో దీనికోసమే 2014లో 5.0తో వర్క్ ప్రొఫైల్ వచ్చింది, ఫోన్‌లోనే ఆఫీసు యాప్‌లకి విడిగా ఒక అర అన్నమాట. ఆఫీసు యాప్‌లకి చిన్న బ్రీఫ్‌కేస్ గుర్తు ఉంటుంది, ప్రొఫైల్ తీసేస్తే అవే పోతాయి. సొంత ఫోన్‌లో మిగతా యాప్‌లూ ఫోటోలూ ఆఫీసుకి కనపడవు. ఐఫోన్‌కి 2019లో ఐఓఎస్ 13తో యూజర్ ఎన్‌రోల్‌మెంట్ వచ్చింది, అదీ ఇలాంటిదే. కానీ ఇదంతా మెయిల్‌లో రాస్తే ఒక్కడూ నమ్మడు. నేను నా సొంత ఫోన్ టేబుల్ మీద పెట్టి, వాళ్ళ ముందే ప్రొఫైల్ తీసేసి, గ్యాలరీ తెరిచి చూపించాను. ఆ రోజు ఇరవై మంది ఒప్పుకున్నారు.

రోడ్డు మీదే ఉంటా:
నేను ఒప్పుకున్నది దానికి కాదండీ. డ్యూటీ దిగాక వర్క్ యాప్‌లన్నీ ఒక్క నొక్కుతో ఆపేసే స్విచ్ ఉంటుంది చూశారూ, దానికి. అది నాకు ఏడాది తర్వాత తెలిసింది, అదీ కూతురు చెప్తే.

ఒంటరి డెస్క్:
మూడు వారాల తర్వాత మళ్ళీ వచ్చాను. ఫారం కోసేశాను. పేరు, ఫోన్ తెర ఫోటో, వాయిస్ మెసేజ్. అంతే.

రోడ్డు మీదే ఉంటా:
ఫోన్ తెర ఫోటో అదే ఫోన్‌తో ఎలా తీయాలండీ?

ఒంటరి డెస్క్:
అది మొదటి రోజే ఇంకొకాయన కూడా అడిగాడు, తీసేశాను. వాయిస్ మాత్రం పనిచేస్తోంది. మొదటిది మన పాత ఆయనదే, తొమ్మిది సెకన్లు. ఎనిమిది సెకన్లు హారన్లు, చివర్లో ‘తిరుగుతోందండీ’. ఈసారి స్టోరేజీ ఖాళీగానే ఉంది. రేపు పొద్దున ఆయనతోపాటు బండెక్కి వెళ్తున్నాను, ఏం తిరుగుతోందో చూసొచ్చి రాస్తాను.