పొద్దు గుంకని చోట 'రేపు' అని ఎలా అంటారు?

సన్నజాజి:
మా పాప ఆరో తరగతి. రోజూ పడుకునేటప్పుడు దానికి ట్రాపిస్ట్-1 అనే నక్షత్రం చుట్టూ తిరిగే ట్రాపిస్ట్-1ఇ గ్రహం కథ చెబుతున్నాను. జీవులు నా ఊహే కానీ లెక్కలు నిజమైనవే వాడుతున్నా. మనకు సుమారు 40 కాంతి సంవత్సరాల దూరం, భూమి కంటే కాస్త చిన్నది, ఏడాది అంటే మన 6.1 రోజులు. చంద్రుడు మనకు చూపించినట్టే అది కూడా తన సూర్యుడికి ఎప్పుడూ ఒకే ముఖం చూపిస్తుందని అంచనా.

నా జీవుల పేరు నీరెండలు. పగటికీ చీకటికీ మధ్య సరిహద్దులో, తాబేటి చిప్పంత ఉండి, వెలుగు వైపు ఒరిగి బతుకుతాయి. మొన్న పాప అడిగింది: "అమ్మా, అక్కడ పొద్దు గుంకదు కదా, మరి రేపు అని ఎలా అంటాయి?" రెండు రోజులుగా కథ అక్కడే ఆగింది. వాటికి కాలం ఎలా తెలుస్తుంది? అక్కడి వెలుగు ఏ రంగులో ఉంటుంది?

చుక్కలదారి:
రంగు సంగతి నేను చెబుతానండీ. ఆ నక్షత్రం వేడి 2,600 కెల్విన్ లోపే. మన పాత ఫిలమెంట్ బల్బు కూడా దాదాపు అంతే. కాబట్టి ఎర్రటి నెత్తురు రంగు వేయకండి, వరండాలో 60 వాట్ల బల్బు వెలిగినప్పటి పసుపు అనుకోండి. సూర్యుడు మాత్రం మనకు కనిపించే దానికి నాలుగింతల వెడల్పు, దిగంతంలో సగం మునిగి కదలకుండా ఉంటాడు. ఆ వెలుగులో ఎక్కువ భాగం కంటికి కనబడని వేడి కిరణాలే. వాటిని పట్టుకోవాలంటే నీరెండల వీపు నల్లగా ఉంటే బాగుంటుంది.

ఫిజిక్స్ మాస్టారు:
అమ్మా, పాప ప్రశ్న చాలా గొప్పది. జవాబు పక్క గ్రహాల్లో ఉంది. ఆ నక్షత్రం గ్రహాలకు లోపలి నుంచి బయటికి బి, సి, డి, ఇ, ఎఫ్ అని వరసగా పేర్లు, మీ కథలోది ఇ. లోపలి గ్రహం డి సుమారు 12 రోజులకోసారి ఇ ని దాటిపోతుంది. అప్పుడు సూర్యుడి మీద నల్లటి బొట్టులా కనబడుతుంది, వెడల్పులో సూర్యుడిలో నాలుగో వంతు. బయటి గ్రహం ఎఫ్ సుమారు 18 రోజులకోసారి దగ్గరకొచ్చి, చీకటి వైపు దిగంతంలో మన పున్నమి చంద్రుడంత సైజులో నిండుగా వెలుగుతుంది. దూరం జరిగాక ఏడో వంతుకు చిక్కిపోతుంది. మూడు బొట్లకు రెండు పున్నములు, 36 రోజులకు లెక్క మళ్లీ మొదటికి. కాగితం మీద గుండ్రాలు గీసి పాప చేతే తిప్పించండి, ఇట్టే అర్థమవుతుంది.

చుక్కలదారి:
ఒక్కమాట. అలాంటి నక్షత్రాలు ఉన్నట్టుండి మంటలు చిమ్ముతాయి, ఆ గ్రహానికి గాలి పొర ఉందో లేదో కూడా ఇంకా తేలలేదు. 2023లో జేమ్స్ వెబ్ టెలిస్కోప్ లోపలి బి, సి గ్రహాలను చూస్తే దట్టమైన గాలి ఉన్న జాడ దొరకలేదు. ఇ మీద పరిశీలన జరుగుతోంది. మంట వచ్చినప్పుడు నీరెండలు చిప్పలోకి ముడుచుకుంటాయని పెట్టండి.

సన్నజాజి:
మాస్టారూ, చాలా థ్యాంక్స్. రాత్రి స్టీలు పళ్లెం సూర్యుడు, శనగ గింజ డి, నిమ్మకాయ ఎఫ్. పాప మూడుసార్లు తిప్పి, "అయితే రేపు అంటే బొట్టు, పండగ అంటే పున్నమి" అంది. నీరెండల భాషలో ఇప్పుడవే మాటలు. కార్తీకంలో రాత్రి ఏడున్నరకు మేడ మీద నుంచి, ట్రాపిస్ట్-1 ఉండే కుంభరాశి చూపిస్తానని మాటిచ్చాను. ఆ నక్షత్రం ఉత్త కంటికి కనబడదని ముందే చెప్పాను. ఆ వైపు చూస్తే చాలంది.