అప్‌డేట్: ‘అమృతం’ సర్వం మీద కథ పూర్తయింది

జెమినీ టీవీలో 2001 నుంచి 2007 దాకా వచ్చిన కామెడీ సీరియల్ ‘అమృతం’లో హోటల్ పనివాడు సర్వం మీద కథ రాస్తుంటే, ఆ హోటల్ నడిపే అమృతరావు, ఆంజనేయులు రాగానే కథంతా వాళ్లదైపోతోందని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసింది ఇది: ఆ ఇద్దరినీ కంటికి చూపించకుండా మాటలుగా మాత్రమే వినిపించడం. లోపల సర్వం గిన్నెలు తోముతుంటాడు, బయట గల్లా దగ్గర వాళ్ల గొడవ సగం సగం వినిపిస్తుంది. దాంతో అతని ఆలోచనకు చోటు దొరికింది. అతనిది మన ఆమదాలవలస అన్నది నా కల్పన, సీరియల్లో లేదు. హోటల్ మూసేశాక ఎస్టీడీ బూత్ నుంచి ఇంటికి ఫోన్ చేసి, “ఏటప్పా, గుంటలు బాగున్నారా? పండక్కి రాలేను గానీ డబ్బులు అంపుతాను” అంటాడు. ఈ యాసను శ్రీకాకుళంలో మా పిన్ని చదివి సరిచేసింది. కథకు ప్రాణం అక్కడే వచ్చింది.

సీరియల్ ఎపిసోడ్ల వరుస పట్టిక మాత్రం ఈ కథకు అవసరమే పడలేదు. అవి చాలావరకు దేనికది విడి కథే. పేర్లు మార్చమన్న సలహా నాకు నచ్చలేదు, సర్వం సర్వంగానే ఉండాలి.

ఇప్పుడు ఇంటి ఓనరు అప్పాజీ మీద మొదలుపెట్టాను.