వాయిస్ సెర్చ్‌లో మన షాపు పేరు రావాలంటే ఏం చేయాలి?

కొత్త_షట్టర్:
అందరికీ నమస్తే. నాది చిన్న ఫోన్ రిపేర్ షాపు. ఈ మధ్య కొత్తగా వచ్చేవాళ్లలో కొందరు "మైకు నొక్కి అడిగితే మీ షాపు చూపించిందండీ" అంటున్నారు. సంతోషమే, కానీ నేను అదే మాట నా ఫోన్‌లో అడిగితే ఒకసారి నా షాపు వస్తుంది, ఇంకోసారి రాదు. ఈలోగా ఒక ఏజెన్సీ వాళ్లు ఫోన్ చేసి, వాయిస్ సెర్చ్ కోసం ప్రత్యేకంగా సెట్ చేస్తాం, నెలనెలా కట్టాలి అంటున్నారు. నిజంగా అలాంటిది ఉందా? నాకు వెబ్‌సైట్ లేదు, గూగుల్ మ్యాప్స్‌లో మాత్రం షాపు ఉంది.

మ్యాప్_పిన్:
ఇప్పుడే ఎవరికీ ఏమీ కట్టకండి. వాయిస్ సెర్చ్‌కి విడిగా రిజిస్ట్రేషన్ అంటూ ఏదీ లేదు. మనం మాట్లాడింది ముందు అక్షరాల్లోకి మారుతుంది, దగ్గర్లోని షాపుల విషయంలో ఆ తర్వాత జరిగేది దాదాపు మామూలు వెతుకులాటే. గూగుల్ స్వయంగా చెప్పేది మూడు విషయాలు: అడిగినదానికి మీ పని ఎంత సరిపోతుంది, అడిగిన మనిషికి మీరు ఎంత దూరంలో ఉన్నారు, మీకు ఎంత పేరుంది. దూరం మీ చేతిలో లేదు, మీరు నిలబడ్డ చోటు మారితే జవాబు కూడా మారుతుంది. మీ షాపు ఒకసారి వచ్చి ఒకసారి రాకపోవడానికి అది కూడా కారణం కావచ్చు.

తేడా ఎక్కడంటే, స్క్రీన్ మీద పది పేర్లు కిందికి జరుపుకుంటూ చూడొచ్చు, అదే బండి నడుపుతూ అడిగినవాళ్లకి ఒకటో రెండో పేర్లే వినిపిస్తాయి. కాబట్టి వివరాల్లో చిన్న తప్పున్నా గిరాకీ పక్కవాళ్లకి పోతుంది. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ (2021 దాకా గూగుల్ మై బిజినెస్ అనేవారు, ఉచితమే) తెరిచి ముందు కేటగిరీ చూడండి. అక్కడ "ఎలక్ట్రానిక్స్ స్టోర్" అని ఉంటే రిపేర్ కోసం అడిగేవాళ్లకి మీరు కనపడే అవకాశం తగ్గుతుంది. సర్వీసుల దగ్గర జనం నోటితో ఎలా అడుగుతారో అలాగే రాయండి: పగిలిన స్క్రీన్ మార్చడం, నీళ్లలో పడ్డ ఫోన్ బాగుచేయడం, ఛార్జింగ్ ఎక్కకపోతే చూడటం, ఇలా. టైమింగ్స్ మాత్రం అస్సలు వదిలేయొద్దు. "ఇప్పుడు తెరిచి ఉన్న షాపు ఏది" అని అడిగినప్పుడు మీ ప్రొఫైల్‌లో మూసేసినట్టు ఉంటే, మీరు షట్టర్ ఎత్తి కూర్చున్నా లాభం లేదు. సెలవు రోజుల టైమింగ్స్ విడిగా పెట్టుకునే వీలు కూడా ఉంది.

ఒక్క జాగ్రత్త. షాపు పేరు పక్కన "బెస్ట్ మొబైల్ రిపేర్" లాంటివి తగిలించకండి, అది గూగుల్ రూల్స్‌కి విరుద్ధం, ప్రొఫైల్‌నే ఆపేయొచ్చు.

రెండో_సిమ్:
పై అన్న చెప్పింది కరెక్టే, కానీ అందరూ గూగుల్‌నే అడగరు కదా. ఐఫోన్‌లో మాటలకి జవాబిచ్చే సిరిని దగ్గర్లోని షాపు అడిగితే ఆపిల్ మ్యాప్స్‌లోంచి తీస్తుంది. 2023 జనవరిలో ఆపిల్ బిజినెస్ కనెక్ట్ అని షాపుల వాళ్ల కోసం ఉచితంగానే తెచ్చారు, మన వివరాలు మనమే పెట్టుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ వాళ్ల సెర్చ్ ఇంజన్ బింగ్‌లో కూడా అలాంటిదే ఉంది. అన్నిచోట్లా పేరు, అడ్రస్, నంబర్ ఒకేలా ఉండేట్టు చూడండి.

గట్టిగా_చెప్పు:
నేను కలిపేది రెండు మాటలు. టైప్ చేయడం కష్టమనిపించేవాళ్లు నోటితోనే అడుగుతారు, 2017 నుంచి గూగుల్ వాయిస్ సెర్చ్ తెలుగు కూడా అర్థం చేసుకుంటోంది. కాబట్టి ప్రొఫైల్‌లోని వివరణలో తెలుగులో కూడా నాలుగు వాక్యాలు రాయండి. రెండోది, వేర్వేరు మనుషుల చేత మీ షాపు పేరు మైకులో పలికించి, స్క్రీన్ మీద ఏం పడుతుందో చూడండి.

రివ్యూల విషయానికొస్తే, పని నచ్చినవాళ్లని ఏం బాగుచేయించుకున్నారో రాయమని అడగండి. వచ్చిన ప్రతి రివ్యూకీ జవాబివ్వండి. రివ్యూ రాస్తే డిస్కౌంట్ అని మాత్రం పెట్టొద్దు, అది కూడా రూల్స్‌కి విరుద్ధమే.

కొత్త_షట్టర్:
చాలా థాంక్సండీ అందరికీ. ఇప్పుడే చూశాను, మ్యాప్‌లో పిన్ షాపు ముందు రోడ్డు మీద కాకుండా వెనక సందులో ఉంది, అటునుంచి లోపలికి దారే లేదు! వచ్చేవాళ్లు ఫోన్ చేసి ఎటు తిరగాలని ఎందుకు అడుగుతున్నారో అర్థమైంది. దాన్ని జరిపాను. వెబ్‌సైట్ తప్పనిసరా? వీటన్నిటితో ఫలితం వస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

మ్యాప్_పిన్:
తప్పనిసరి కాదు, ఉంటే మంచిది. ప్రొఫైల్‌తో పాటు గూగుల్ ఇచ్చే ఉచిత వెబ్‌సైట్లు 2024 మార్చిలో ఆపేశారు, కాబట్టి వేరేచోట ఒక్క పేజీ చేయించుకుంటే చాలు. త్వరగా తెరుచుకోవాలి, నంబర్ ముట్టుకోగానే కాల్ వెళ్లాలి. చేసేవాళ్లతో లోకల్ బిజినెస్ స్కీమా కోడ్ కూడా పెట్టమని చెప్పండి, టైమింగ్స్, అడ్రస్ లాంటివి సెర్చ్ ఇంజన్లకి స్పష్టంగా అందుతాయి.

ఫలితం అంటే, వాయిస్‌తో ఎంతమంది వచ్చారో గూగుల్ విడిగా చూపించదు. ఆ లెక్క మా దగ్గరుంది అని ఏజెన్సీ వాళ్లంటే ఎక్కడి నుంచి తెచ్చారో అడగండి. ప్రొఫైల్‌లో పర్ఫామెన్స్ దగ్గర కాల్స్, దారి అడిగినవాళ్ల సంఖ్య, ఏ మాటలతో వెతికారో కనిపిస్తాయి. నెలకోసారి అవి చూసుకోండి, కౌంటర్ దగ్గర కొత్తవాళ్లని "మా షాపు ఎలా తెలిసింది" అని అడిగి ఒక పుస్తకంలో రాసుకోండి. ఇంకోటి, మోగిన ప్రతి కాల్ ఎత్తండి, ఎత్తకపోతే వాళ్లు ఆ లిస్టులో తర్వాతి షాపుకి చేస్తారు.