‘బంగారం పామా’, ‘బంగారు పామా’?

మొన్న మందస దగ్గర మా జీడితోటలో కంప ఎత్తుతుంటే ఒక పాము బయటపడింది. తల నుంచి తోక దాకా నలుపూ పసుపూ పట్టీలు, ఒళ్లంతా చుట్టి వచ్చేలా. వెన్ను గట్టులా పైకి తేలి ఉంది, తోక చివర తెగినట్టు మొండిగా ఉంది. పగలు కదా, చుట్టల కింద తల దాచుకుని కదలకుండా పడుంది. కర్ర ఎత్తిన కూలీలని నాన్న ఆపారు.

పాములు పట్టే కుర్రాడికి ఫోన్ చేశాను. ‘ఏం పాము?’ అన్నాడు. కట్లపాము అన్నాను. ‘నలుపు మీద తెల్లగీతలా?’ ‘కాదు, పసుపు.’ వెనక నుంచి నాన్న ‘బంగారు పామని సెప్పు’ అన్నారు. ఆ మాట వాడికీ తెలీదు, నిజం చెప్పాలంటే నాకూ తెలీదు. ఫొటో పంపితే ‘బ్యాండెడ్ క్రెయిట్ సార్, దగ్గరికెళ్లకండి’ అన్నాడు. అటవీశాఖకి చెప్పి, వచ్చి సంచిలో పట్టుకెళ్లాడు.

రాత్రి వెతికితే తల తిరిగింది. విశాఖపట్నంలో ఉండి పాములని పరిశీలించిన ప్యాట్రిక్ రస్సెల్ అనే డాక్టరు 1796లో అచ్చువేసిన పుస్తకంలో ఈ పాము బొమ్మ ఉంది. పక్కనే తెలుగు పేరు, ఇంగ్లీషు అక్షరాల్లో: ‘బుంగారుమ్ పామా’. 1803లో దోదాఁ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త అందులోంచి పామును వదిలేసి బంగారాన్ని ఉంచుకుని ‘బంగారస్’ అని ప్రజాతి (దగ్గరి పోలికలున్న జాతుల గుంపు) పేరు పెట్టాడు. ఇప్పుడు మామూలు కట్లపాము కూడా బంగారస్సే, ఒంటి మీద వీసమెత్తు బంగారం లేకపోయినా!

నా సందేహం ఒకటే. రస్సెల్ విన్నది ‘బంగారు పాము’ అయితే ఆ ‘మ్’ ఎక్కడిది?

నరసన్నపేట నుంచి: వ్యాకరణం ప్రకారం బంగారు గొలుసే, కానీ మా ఇంట్లో అందరూ బంగారం గొలుసనే అంటారు. ఆయనకి పేరు చెప్పినవాళ్లూ అలాగే అని ఉంటారు. ‘బుం’ చూసి కంగారుపడకండి, ఆ కాలం ఇంగ్లీషు రాతలో మన ‘అ’కి ‘యు’ అక్షరం వాడేవారు.

బొబ్బిలి నుంచి: కట్లు అంటే పట్టీలే కదా. ‘పసుపు కట్లపాము’ అంటే సరిపోదా? ఎవరికైనా అర్థమవుతుంది.

మొదట రాసినవారు: సరిపోదండీ. కట్లపాము అనగానే ఎవరైనా ఆ నల్లదే అనుకుంటారు, నా ఫోన్లో జరిగింది అదే. పైగా మన ఆసుపత్రుల్లో ఉండే విరుగుడు మందుని నాలుగు జాతుల విషంతో తయారు చేస్తారు. నల్ల కట్లపాము అందులో ఉంది, ఇది లేదు. కరిస్తే ఎలాగూ ఆసుపత్రికే పరుగెత్తాలి, కానీ ఏ పామో సరిగ్గా చెప్పగలగాలి. ‘మ్’ సంగతి ఒప్పుకున్నాను.

ఇచ్ఛాపురం నుంచి: శాస్త్రవేత్తల లెక్కలో దీని మొదటి చిరునామా, అంటే మొదట వర్ణించిన పాము దొరికిన చోటు, ‘మన్సూర్ కోట’. అది మా పక్కనున్న గంజాం జిల్లాలోని గోపాలపూర్ వైపుది. ఈ పాము ఎక్కువగా తినేది తోటి పాములనే. మీ తోటలో ఇది ఉందంటే మిగతావి కూడా ఉన్నట్టే, టార్చి లేకుండా రాత్రి తిరగకండి.

మొదట రాసినవారు: నాన్నకి చదివి వినిపించాను. ‘బంగారం పామే, మా అమ్మ అలాగే అనేది’ అంటున్నారు. ఫోన్ రోజు మాత్రం ‘బంగారు’ అనే అన్నారు మరి!