మందను చూడాలా, కాపరిని చూడాలా?

ప్రశ్న – అనంతపురం విద్యార్థిని

నేను మానవశాస్త్రంలో ఎం.ఏ. చివరి సంవత్సరం చదువుతున్నాను. కళ్యాణదుర్గం వైపు గొర్రెల కాపరులకూ వారి మందలకూ మధ్య ఉండే సంబంధాన్ని ప్రాజెక్టు అంశంగా తీసుకున్నాను. రెండు వారాలు తిరిగి వచ్చాక నా నోటుపుస్తకం నిండా గొర్రెల సంఖ్య, మందుల ఖర్చు, సంతలో పలికిన ధర మాత్రమే ఉన్నాయి. ఇది పశుసంవర్ధక శాఖ సర్వేలా ఉందని మా గైడు గారు అన్నారు. ఆ మాట నిజమే. అయితే నన్ను వేధిస్తున్నది ఇంకొకటి. తల్లి చనిపోయిన పిల్లను ఒళ్ళో పెట్టుకుని సీసాతో పాలు పట్టిన పెద్దాయనే మరో రెండు రోజులకు నాలుగు పొట్టేళ్లను కోతకు అమ్మారు. ఆయనది ప్రేమ అని రాయాలా, వ్యాపారం అని రాయాలా? గొర్రెను ఇంటర్వ్యూ చేయలేము కదా, దాని వైపు నుంచి ఏం రాయగలం?

జవాబు – పెన్నా ఒడ్డు

మీ గైడు గారి మాట సరైనదే కానీ, సంఖ్యలను పారేయకండి. 1940లో మానవశాస్త్రవేత్త ఎవాన్స్-ప్రిచర్డ్ ఇప్పటి దక్షిణ సూడాన్‌లోని నూయర్లనే పశుపోషకుల గురించి రాసినప్పుడు, వారి బంధుత్వాలు, తగాదాలు, చివరకు యువకులు తమ ఎద్దును బట్టి పెట్టుకునే పేర్లు కూడా పశువులను వదిలేస్తే అర్థం కావని చూపించాడు. నూయర్లు ఆవు మీద ఆధారపడి బతుకుతున్నారని ఎంత నిజంగా అనవచ్చో, ఆవు వారి మీద ఆధారపడి బతుకుతోందని అంతే నిజంగా అనవచ్చునన్నది ఆయన పరిశీలన. 1962లో మరో మానవశాస్త్రవేత్త లెవీ-స్ట్రాస్ చర్చను మరోవైపు తిప్పి, మనుషులు జంతువులను తినడానికే కాక ఆలోచించడానికి కూడా ఎంచుకుంటారన్నాడు. అది గొప్ప మాటే, కానీ ఆ దారిలో పోతే గొర్రె వట్టి సంకేతంగా మిగిలిపోతుంది. కర్క్‌సీ, హెల్మ్‌రైక్ 2010లో మల్టీస్పీషీస్ ఎత్నోగ్రఫీ (మనుషులతోపాటు ఇతర జీవులనూ కలిపి చేసే క్షేత్ర అధ్యయనం) అన్న పేరుతో ముందుకు తెచ్చిన పద్ధతి, జంతువును కూడా సంబంధంలో పాలుపంచుకునే జీవిగా గమనించమంటుంది.

ప్రేమా వ్యాపారమా అన్న మీ ప్రశ్నకు నాకు తెలిసినంతలో అతి దగ్గరి పరిశోధన రాధికా గోవిందరాజన్ ఉత్తరాఖండ్ కొండల్లో చేసినది. 2018లో పుస్తకంగా వచ్చింది. బిడ్డలా సాకిన మేకను దేవతకు బలి ఇచ్చేటప్పుడు ఆ స్త్రీలు పడే బాధ బూటకం కాదనీ, సాకిన శ్రమే ఆ బలికి బరువునిస్తుందనీ ఆమె అంటారు. మీరు కూడా రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోకుండా, పాలు పట్టిన చేతికీ తాడు అప్పగించిన చేతికీ మధ్య గడిచిన ఆ రెండు రోజులను రాయండి.

జవాబు – కాపరి కొడుకు, కర్నూలు

అమ్మా, మా నాయన యాభై ఏళ్లు మంద వెంట నడిచారు, నేను బడిపంతులునయ్యాను. పుస్తకాల సంగతి పైన రాసిన సారు గారికి వదిలేస్తాను. గొర్రెను ఇంటర్వ్యూ చేయలేమన్నారు గానీ, మా నాయన రోజంతా చేసింది అదే. ఎండ ముదిరితే గొర్రెలు ఒకదాని పొట్ట కింద మరొకటి తల దూర్చి నిలబడిపోతాయి. ఆ తర్వాత ఎవరు అదిలించినా కదలవు, కాబట్టి పూట ఎక్కడ ఆగాలో నిర్ణయించేది మందే. గొర్రెలు దారి పట్టక తడబడతాయని నాలుగు మేకలను కలుపుతారు, అవి ముందు నడిస్తే మిగతావి వెంటపడతాయి. మా నాయన మందను లెక్కపెట్టింది నేనెప్పుడూ చూడలేదు. సాయంత్రం దొడ్డి దగ్గర నిలబడి ముఖాలు చూసి, ఫలానా చెవిమచ్చది రాలేదనేవారు.

ఎండాకాలం కేసీ (కర్నూలు-కడప) కాలువ కింద కోతలయ్యాక రైతులు తమ మళ్ళలో మంద కట్టించుకుని, ఎరువుకు బదులుగా గింజలో డబ్బో ఇచ్చేవారు. అంటే మీ సంబంధంలో రైతూ ఉన్నాడు, నేలా ఉంది. అమ్మకం గురించి ఒక్క మాట: పొట్టేలును బండెక్కించిన రాత్రి మా నాయన అన్నం సరిగా తినేవారు కాదు, కానీ ఆ డబ్బుతోనే నా ఫీజు కట్టారు. ఈ రెండింటి గురించీ ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు. మీరు అడిగినా చెప్పరు, దగ్గరుండి చూడాల్సిందే.

జవాబు – లంకమల, కడప

మీ అంశాన్ని పెంపుడు జంతువులతో ఆపేయకండి. 1900 తర్వాత కనిపించక, అంతరించిందనుకున్న కలివికోడి అనే అరుదైన పిట్ట 1986 జనవరిలో సిద్ధవటం దగ్గర మళ్ళీ దొరికింది. దాన్ని రాత్రి చీకట్లో పట్టుకున్నది స్థానికుడే. అడవిలో రాత్రులు తిరిగే మనిషి కళ్ళకు దొరికినది శాస్త్రవేత్తలకు ఎనభై ఆరేళ్లు దొరకలేదు. పొదలు మరీ దట్టంగా ఉన్నా, మరీ పలచబడినా ఆ పిట్ట ఉండదు. గొర్రెలు, మేకలు మేయడం వల్లనూ, జనం కట్టెలు కొట్టుకోవడం వల్లనూ ఆ పొదల తీరు మారుతుంది. కాపరిని పూర్తిగా నిషేధిస్తే పిట్టకు మేలేనా అన్న ప్రశ్న అక్కడే పుడుతుంది. మీ మందలు ఏ బీడులో మేస్తున్నాయో, అక్కడ ఇంకేం బతుకుతున్నాయో కూడా రాసుకోండి.

తిరిగి – అనంతపురం విద్యార్థిని

అందరికీ కృతజ్ఞతలు. వచ్చే నెల ఆ పెద్దాయన మందతోపాటు పది రోజులు నడవడానికి అనుమతి అడిగాను. ఆయన ఒప్పుకున్నారు గానీ, చెప్పులు మార్చుకుని రమ్మన్నారు.